ఎడమ చెంప మీద పగులు

ముప్ఫై రెండేళ్లకే రిటైరయ్యానంటే జనం నవ్వుతారు. నవ్వనివ్వండి. ఎనిమిదేళ్లు మస్కట్‌లో పాత చిత్రాలు బాగుచేసే పని చేశాను. ఇక చేయను. చేయనివ్వరు కూడా. ఈ రెండూ కలిస్తే రిటైర్మెంటే.

ఇది రాయడానికి కారణం ఇద్దరమ్మాయిలు. ఇప్పుడు నేను అల్ ఖౌద్‌లో యూనివర్సిటీ దగ్గర ఒక పుస్తకాల షాపులో కౌంటర్ చూసుకుంటున్నాను. హైదరాబాద్‌లో ఫైన్ ఆర్ట్స్ చదివి వచ్చిన ఒకమ్మాయీ, ఇక్కడే పుట్టి పెరిగిన ఆమె స్నేహితురాలూ నా సంగతి ఎవరి దగ్గరో విని వచ్చారు. "అక్కా, మేమూ ఆ పనిలోకి వెళ్దామనుకుంటున్నాం. ఎలా ఉంటుంది?" అని అడిగారు. ఎదురుగా మనిషి ఉంటే నాకు నోరు పెగలదు. "బాగానే ఉంటుంది" అన్నాను. వాళ్లు మెట్లు దిగి వెళ్లాక నా మీద నాకే ఒళ్లు మండింది. మళ్లీ అదే పని చేశాను. తెలిసింది తెలిసినట్టు చెప్పకుండా నోరు మూసుకున్నాను.

అందుకే రాస్తున్నాను. పదకొండో ఏట నుంచి నాకు డైరీ అలవాటు. ఆ ఎనిమిదేళ్ల డైరీలూ ఇప్పుడు బల్ల మీద ఉన్నాయి. ఏ కోర్సు చేయాలో, ఏ సర్టిఫికెట్ ఉండాలో ఇందులో ఉండదు. అది ఎవరైనా చెబుతారు.

అంకుల్

మా వర్క్‌షాప్ రుసైల్‌లో, పాలరాయి కోసే ఫ్యాక్టరీ వెనక ఉండేది. బయట రాతిపొడి, లోపల ఏసీ చలి. నడిపేది ప్రసాదరావు గారు. మా నాన్నగారికి స్నేహితుడు, రెండు కుటుంబాలదీ కాకినాడ వైపే. నేను పుట్టినప్పటి నుంచీ ఆయన నాకు అంకుల్. ఉద్యోగం ఇచ్చింది కూడా అలాగే. ఒక శుక్రవారం మధ్యాహ్నం మా ఇంట్లో భోజనం చేసి చేయి కడుక్కుంటూ, "అమ్మాయి బొమ్మలు బాగా వేస్తోంది కదా, ఆదివారం నుంచి నా దగ్గరకి పంపించెయ్యవయ్యా" అన్నారు. ఇంటర్వ్యూ అంతే.

మొదటి సలహా ఇక్కడే ఇస్తున్నాను. అంకుల్ అని పిలవాల్సిన మనిషి దగ్గర ఉద్యోగం చేయకండి. పరాయి బాస్ తప్పు చేస్తే "సార్, ఇది తప్పు" అనొచ్చు. అంకుల్ తప్పు చేస్తే అలా అనలేరు. అంటే పెద్దవాళ్లకి ఎదురు చెప్పిన పిల్లవుతారు. ఆ మాట సాయంత్రానికల్లా మీ ఇంటికి చేరుతుంది.

మొదటి ఏడాది నేను ఒక ఘోరం చేశాను. పాత ఇటాలియన్ బొమ్మ ఒకటి వచ్చింది, చెట్లూ వాగూ ఉన్న చిన్నది. చెట్ల ఆకులన్నీ గోధుమరంగులో ఉన్నాయి. మురికి అనుకుని ద్రావకంలో ముంచిన దూదితో తుడిచాను. దూది గోధుమరంగుకి మారుతుంటే సంతోషపడ్డాను. అది మురికి కాదు. రాగితో చేసిన పాత ఆకుపచ్చ, వందల ఏళ్లకి రంగు మారింది. చిత్రకారుడు వేసిన ఆకులనే తుడిచేశాను. తెలిశాక అంకుల్ దగ్గరికి వెళ్లాను. ఆయన అద్దాలు పైకెత్తి చూశారు.

"ఎంత పోయింది?"

"ఒక కొమ్మ అంకుల్. బొటనవేలంత."

"క్లయింటు చూస్తాడా?"

"చూడకపోవచ్చు."

"అయితే నువ్వేం చెయ్యలేదు. వెళ్లి టీ తాగు."

ఆ రోజు డైరీలో 'అంకుల్ ఎంత మంచివారో' అని రాసుకున్నాను. ఇప్పుడు ఆ పేజీ చూస్తే చింపేయాలనిపిస్తుంది. చింపను. ఈ వృత్తిలో నాకు దొరికిన మొదటి పాఠం అది, తప్పుడు పాఠం. తిట్టి ఉంటే బాగుపడేదాన్నేమో.

ఆవిడ

ఆరో ఏడాది వేసవిలో ఆవిడ వచ్చింది.

ముత్రా దగ్గర సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పాత ఇంటి నుంచి ఆవిడ చిత్రాన్ని తెచ్చారు. ఇంటి యజమానురాలు సలామా గారు, డెబ్భై దాటిన ఒమానీ ఆవిడ. వాళ్ల తాతగారు జాంజిబార్‌లో ఉన్న రోజుల్లో ఒక ఇటాలియన్ ఇంటి సామానుతో పాటు కొన్నారట. చిత్రం సుమారు మూరెడు వెడల్పు, మూరన్నర ఎత్తు. గుడ్డ మీద వేసింది కాదు. పాప్లర్ అనే తేలిక చెక్క మీద సుద్దపూత పూసి, దాని మీద రంగులు వేశారు. ఐదొందల ఏళ్లనాటిదని దాన్ని చూసినవాళ్లంతా ఒప్పుకున్నారు.

చిత్రంలో ఉన్నది ఇటలీలో ఏదో రాజదర్బారుకు చెందిన పెద్దింటి ఆడపిల్ల. ఇరవై ఏళ్లుంటాయి. ఆ కాలపు పద్ధతిలో ముందరి వెంట్రుకలు పీకించి నుదురు పెద్దది చేయించుకుంది. జుట్టు మీద బంగారు దారాల వల. మెడలో ఒకే ఒక్క ముత్యాల పేట. ఒక చేతికి తొడుగు ఉంది, రెండో తొడుగు విప్పి ఆ చేత్తోనే పట్టుకుంది. పట్టుకున్న తీరులో వేళ్లు బిగుసుకున్నాయి. కళ్లు మనల్ని చూడవు. మన భుజం మీదుగా, మన వెనక ఎవరో నిలబడినట్టు చూస్తాయి. మూతి బిగించి ఉంది.

"కొంచెం నవ్వుతున్నట్టుంటే ఎంత బావుండేదమ్మాయ్" అన్నారు అంకుల్. "పెళ్లింట్లో పెట్టే బొమ్మ. మొహం చూడు, ఎవర్నో తిట్టబోతున్నట్టుంది."

పెళ్లి సలామా గారి మనవరాలిది. కొత్త విల్లాలో, హాల్లో ఈ చిత్రం పెట్టాలని వాళ్ల కోరిక. అంచుల్లో రంగు పెచ్చులు లేచాయి. అవి అతికించి, శుభ్రం చేసి, మంచి ఫ్రేములో పెట్టి ఇవ్వాలి. పని అంతే. అంతకు మించి ఒక్కటి కూడా చేయనవసరం లేదు.

చిత్రం వెనక ఒక నంబరు, లక్క ముద్ర ఉన్నాయి. పేరు లేదు. ఆమె ఎవరో తెలిస్తే చిత్రం విలువ మారిపోతుందని అంకుల్ ఎక్కడెక్కడికో ఉత్తరాలు రాశారు. నేను కూడా ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేసేదాన్ని. ముత్యాల పేటని బట్టి, చేతి తొడుగులని బట్టి, ఏ ఊరి దర్బారో వెతికేదాన్ని. ఆమె పేరు కోసం రెండు నోటుపుస్తకాలు నింపాను. ఈ సంగతి గుర్తుంచుకోండి.

గోటితో కొట్టి వినడం

రాజన్న మా దగ్గర ప్యాకింగ్ హెల్పర్. అందరూ రాజన్నా అనే పిలిచేవారు. నాకంటే ఇరవై ఏళ్లు పెద్దవాడైనా నేనూ అలాగే పిలిచేదాన్ని. నిర్మల్ దగ్గర నకాషీ పనివాళ్ల ఇంట్లో పుట్టాడు. తండ్రి పొనికి చెక్కతో బొమ్మలు చెక్కి, చింతగింజల జిగురు పూసి, రంగులు వేసేవాడు. ఆ బొమ్మలు అడిగేవాళ్లు తగ్గాక రాజన్న బిల్డింగులకి రంగు వేసే వీసా మీద ఒమన్ వచ్చాడు. బర్కాలో సైట్లలో కొన్నేళ్లు గోడలకి రంగు కొట్టి, చివరికి మా దగ్గర తేలాడు. ఆ చేతులతో డబ్బాలకి మేకులు కొట్టించేవాళ్లం. "ఈసారి ఫ్రేమింగ్ బెంచి నీకే ఇస్తాను రాజన్నా" అని అంకుల్ ప్రతి ఏడాదీ అనేవారు. ఈ చిత్రం వచ్చినప్పుడు కూడా అన్నారు. "ఇది సక్రమంగా ఇంటికి చేరనీ. బెంచి నీదే. కాగితాల మీద కూడా మార్పిస్తా."

ఆ బెంచి కోసమే, అంటే ఫ్రేములు చేసే పనివాడి ఉద్యోగం కోసమే, రాజన్న రెండేళ్లుగా ఊరికి పోలేదు. సెలవు అడిగితే బెంచి ఇంకొకరికి పోతుందేమోనని భయం.

మొదటిరోజు చిత్రాన్ని బల్ల మీద పెట్టి, అతను కాసేపు తేరిపార చూశాడు.

"ఎవలు మేడం ఈమె?"

"తెలీదు రాజన్నా. రాజదర్బారు మనిషి."

"సంబంధం చూసెటోళ్లకు పంపిన ఫోటో లెక్కున్నది. పిల్లకు ఇష్టం లేదు. గట్టిగనే చెప్తున్నది."

నాకు నవ్వొచ్చింది. నిజానికి అతను అన్నది పెద్ద తప్పు కూడా కాదు. ఆ కాలంలో దర్బారుల మధ్య పెళ్లి మాటలు నడిచేటప్పుడు ఇలాంటి చిత్రాలు పంపేవారని పుస్తకాల్లో చదివాను. అతను ఏ పుస్తకం చదవకుండా బిగుసుకున్న వేళ్లు చూసి చెప్పాడు.

చెక్క వంగి ఉంది. పక్క నుంచి చూస్తే మధ్యలో వేలి మందం పైకి లేచి ఉంది. రాజన్న చూపుడువేలి గోటితో అంచు నుంచి మధ్యకి మెల్లగా కొట్టుకుంటూ వెళ్లాడు. టక్, టక్, టక్. ఆమె ఎడమ చెంప దగ్గరకి వచ్చేసరికి శబ్దం మారింది.

"ఇన్నరా?"

"మళ్లీ కొట్టు."

కొట్టాడు. లోపల ఖాళీ ఉన్న శబ్దం.

"బోలు సప్పుడు. ఈడ లోపల చెక్క ఎన్నడో విచ్చుకున్నది బిడ్డా. మీది పూత పట్టుకొని ఉన్నది గంతే." చుట్టూ ఎవరూ లేకపోతే నన్ను బిడ్డా అనేవాడు. "మా నాయిన అనేటోడు, వంగిన చెక్కను సరి చెయ్యాలని చూడకు, అది వంగి సుఖంగ ఉన్నది అని. దీన్ని గిట్లనే ఉండనియ్యాలె."

ఆ సాయంత్రం డైరీలో ఇలా ఉంది: 'ఎడమ చెంప కింద బోలు శబ్దం. రాజన్న చూపించాడు. నేనూ విన్నాను. చెక్కని తిన్నగా చేయకూడదు.' నా చేతిరాతే. 'నేనూ విన్నాను' కింద గీత కూడా గీసుకున్నాను. ఆ మాట చెప్పాల్సిన చోట మాత్రం చెప్పలేదు.

ఫ్రేము ముందొచ్చింది

అంకుల్ ఫ్రేముని ఇటలీ నుంచి తెప్పించారు. బంగారు పూత, చెక్కిన ఆకులు, చాలా అందమైంది. అయితే చిత్రం మా దగ్గరికి రాకముందే, ఫోన్‌లో పంపిన ఫోటో చూసి ఆర్డర్ చేశారు. ఫోటోలో పొడవు, వెడల్పు తెలుస్తాయి. వంపు తెలియదు. వచ్చిన ఫ్రేము గాడి తిన్నగా ఉంది. చిత్రం అందులో కూర్చోదు.

ఏం చేయాలి? గాడిని వంపుకి తగ్గట్టు చెక్కాలి. రాజన్నకి రెండు రోజుల పని. కానీ అలా చేస్తే కొలత తప్పిందని ఒప్పుకోవాలి. అంకుల్ ఒప్పుకోలేదు. "బోర్డునే సరి చేద్దాం. వెనక తడిపి, కొద్దికొద్దిగా క్లాంపులు బిగిస్తే దిగుతుంది. యూరప్‌లో అందరూ చేసేవాళ్లు" అన్నారు. చేసేవాళ్లు, నిజమే. అలా చేసి ఎన్ని పాడుచేశారో తెలిశాకే మానేశారు. అది ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు.

రాజన్న ఒక్కడే నోరు తెరిచాడు. "మంచం తలుపుల నుంచి పడ్తలేదని మంచం కాళ్లు కోస్తమా సారూ? ఫ్రేమ్ నాకియ్యుండ్రి, లోపల చెక్కుత. ఆమెను ముట్టకుండ్రి."

గదిలో పనిచేస్తున్నవాళ్లంతా నవ్వారు. అంకుల్ కూడా నవ్వారు. ఆ నవ్వు నాకు తెలుసు. మా ఇంట్లో పనిమనిషి ఇంగ్లీషు మాట పలికినప్పుడు నవ్వే నవ్వు అది. "రాజన్నా, నువ్వు డబ్బాలు చూసుకోవయ్యా" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "ఏమ్మాయ్, నువ్వేమంటావ్?" అన్నారు.

అడిగారు. అదీ నా బాధ. నన్ను అడగలేదని చెప్పుకునే అవకాశం కూడా లేకుండా అడిగారు.

"మీకు తెలుసు కదా అంకుల్" అన్నాను.

ఆదివారం

వారం రోజులు రోజుకి కొంచెం బిగించారు. ఆదివారం సాయంత్రానికి చిత్రం సలామా గారి ఇంటికి చేరాలి. గురువారం పని ముగిసే వేళకి వంపు ఇంకా సగం మిగిలే ఉంది. అంకుల్ స్వయంగా వచ్చి, చెక్కని అంచుల్లో నొక్కిపట్టిన నాలుగు క్లాంపుల మరలూ బలంగా తిప్పారు. రాజన్న అడ్డంగా చెయ్యి పెట్టి, "సార్, అద్దు. ఎండుతున్నది, ఇగ దిగదు" అన్నాడు. అంకుల్ ఆ చెయ్యి పక్కకి తోశారు. మిగతావాళ్లు అప్పటికే బస్సెక్కారు. గదిలో ఉన్నది మేం ముగ్గురమే. తర్వాత రెండు రోజులు సెలవు. లోపల ఏసీ అలాగే నడుస్తూనే ఉంది. సముద్రపు తేమలో బతికిన చెక్కని మేం ఆ పొడిగాలిలో, ఆ బిగువులో వదిలి వెళ్లిపోయాం.

ఆదివారం పొద్దున తాళం తీసింది రాజన్న. నేను బస్సు దిగేసరికి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. లోపలికి చెయ్యి చూపించాడు.

నుదుటి మీద జుట్టు మొదలయ్యే చోటు నుంచి, ఎడమ కంటి కొస మీదుగా, చెంప నిలువునా చీలుకుంటూ ముత్యాల దాకా పగిలింది. పగులు అంచుల్లో తెల్లటి సుద్ద కనిపిస్తోంది. సరిగ్గా గోటికి శబ్దం మారిన చోటే.

అంకుల్ వచ్చారు. చూశారు. మొదటి మాట: "ఎవడు ముట్టుకున్నాడ్రా దీన్ని?"

"ఎవలు ముట్టలె సార్. బేస్తారం మీరే బిగిచ్చి పోయిండ్రు. నేను అద్దన్న."

పాలిష్ చేసేవాళ్లు, డ్రైవరు, అందరూ అక్కడే ఉన్నారు. ఆ ఒక్క వాక్యం అంతమంది ముందు అనడమే రాజన్న చేసిన నేరం. అంకుల్ మొహం రంగు మారింది.

"తాళం ఎవడు తీశాడు? నువ్వు. లోపల ఒక్కడివే ఉన్నదెవడు? నువ్వు. ఎత్తి చూద్దామనుకున్నావ్, జారింది. ఒప్పుకో."

"ఎత్తుడేంది సార్? క్లాంపులు ఇంక అట్లనే ఉన్నయి, చూడుండ్రి!" రాజన్న నా వైపు తిరిగాడు. "మేడం, మీరు ఇన్నరు గదా, గా బోలు సప్పుడు. బేస్తారం గుడ ఈడనే ఉన్నరు. జెర చెప్పుండ్రి సారుకు."

నేను సింక్ దగ్గర బ్రష్ కడుగుతున్నాను. కడుగుతూనే ఉన్నాను. ఆ బ్రష్ అప్పటికే శుభ్రంగా ఉంది.

సంతకం

చిత్రం ఎలా వచ్చింది, మేం ఏం చేశాం, దానికి ఏమైంది అని రాసే కాగితాన్ని కండిషన్ రిపోర్ట్ అంటారు. చిత్రం ఎక్కడికి వెళ్లినా ఆ కాగితం వెంట వెళ్తుంది. మనం పోయాక కూడా అది ఉంటుంది. ఆ రిపోర్ట్ అంకుల్ టైప్ చేశారు. 'తరలించే సమయంలో ప్యాకింగ్ హెల్పర్ అజాగ్రత్త వల్ల చిత్రం జారిపడి' అని రాశారు. చిత్రాలు పరీక్షించేది నేను కాబట్టి కింద నా సంతకం కావాలి.

"అంకుల్, అది బల్ల మీదే ఉంది కదా" అన్నాను.

"ఏంటమ్మా?"

"ఏం లేదంకుల్."

డైరీలో ఈ రెండు ముక్కలూ ఇలాగే ఉన్నాయి. నా ఎనిమిదేళ్ల వృత్తిలో నేను చేసిన తిరుగుబాటు మొత్తం ఇంతే.

"చూడమ్మాయ్" అన్నారు ఆయన, తండ్రిలాంటి గొంతుతో. "అతనికి పోయేదేముంది? ఇక్కడ కాకపోతే ఇంకో కంపెనీలో డ్యూటీ చేసుకుంటాడు. మన పేరు పోతే మళ్లీ వస్తుందా? అన్నట్టు శుక్రవారం మీవాళ్లు భోజనానికి వస్తున్నారు. నువ్వూ రా. ఆంటీ పనసపొట్టు కూర చేస్తానంది, నీకిష్టమని."

సంతకం పెట్టాను. శుక్రవారం వెళ్లాను. పనసపొట్టు కూర రెండోసారి కూడా వేయించుకున్నాను.

ఆ రిపోర్ట్ చదివి సలామా గారు కోపంతో ఫిర్యాదు రాశారు. దాన్ని అడ్డం పెట్టుకుని కంపెనీ రాజన్న వీసా క్యాన్సిల్ చేసింది. పది రోజుల్లో వెళ్లిపోయాడు. వెళ్లే రోజు నాకు ఎదురుపడ్డాడు. ఏమైనా అంటాడని భయపడ్డాను. నేనేదో ఖాళీ గోడనైనట్టు, నా భుజం మీదుగా చూసి వెళ్లిపోయాడు.

చెక్కని అతికించి, పగులు పూడ్చి, రంగు దిద్దింది నేను. చాలా బాగా దిద్దాను. పెళ్లిలో ఎవరూ గుర్తుపట్టలేదని అంకుల్ మెచ్చుకున్నారు. మళ్లీ అదే పాఠం: కంటికి కనపడకపోతే ఏమీ జరగనట్టే. ఆమెని అదే తిన్నని గాడి ఉన్న ఫ్రేములో, వెనక నుంచి మరలు బిగించి పంపాం.

రెండేళ్ల తర్వాత

అది చెక్క. మా సంతకాలతో దానికి పనిలేదు. రెండేళ్లకి పగులు మళ్లీ తెరుచుకుని చిత్రం వెనక్కి వచ్చింది. ఫ్రేము విప్పి, వెనక అంటించిన టేపు తీశాను. టేపు కింద చెక్క అంచుల్లో నాలుగు చోట్ల లోతుగా నొక్కుళ్లు ఉన్నాయి. క్లాంపులు దిగిన గుర్తులు. జారిపడిన చెక్కకి మూల నలుగుతుంది. దీని నాలుగు మూలలూ శుభ్రంగా ఉన్నాయి. కళ్లున్న ఎవరైనా చదవగలిగే సాక్ష్యం అది. దాని మీద ఆ టేపు అంటించింది కూడా నేనే.

"పాత రిపోర్ట్ ప్రకారమే రాసెయ్" అన్నారు అంకుల్.

మూడు రోజులు కూర్చుని మూడు పేజీలు రాశాను. గోటి శబ్దం, ఫ్రేము కొలత, గురువారం బిగించిన క్లాంపులు, ఎవరు బిగించారో, ఎవరు వద్దన్నారో, మొదటి రిపోర్ట్ అబద్ధమని తెలిసీ నేను సంతకం పెట్టిన సంగతి. ఒక కాపీ అంకుల్ బల్ల మీద పెట్టాను. ఆయన చదివి కాగితాలు బోర్లా పెట్టారు.

"మీ నాన్నకి ఏం చెప్పమంటావ్?"

"మీ ఇష్టం, సార్."

ఆయన్ని సార్ అనడం అదే మొదటిసారి. సాయంత్రానికి నా ఉద్యోగం లేదు. మస్కట్‌లో ఈ పని చేసే నాలుగైదు చోట్లకీ వారంలో కబురు అందింది: ఈ అమ్మాయి నమ్మకస్తురాలు కాదు. అబద్ధానికి సంతకం పెట్టినన్నాళ్లూ నమ్మకస్తురాలినే. మా నాన్నగారు, "ఎవరో లేబర్ మనిషి కోసం ఇంత చేస్తావా?" అని నెల రోజులు మాట్లాడలేదు. ఆయనకీ చెప్పలేదు, 'చేయనందుకే ఇంత అయింది నాన్నా' అని.

రెండో కాపీ సలామా గారింటికి తీసుకెళ్లాను. నోటితో చెప్పలేనని తెలుసు. కాగితాలు ఇచ్చి నిలబడ్డాను. ఆవిడ అద్దాలు పెట్టుకుని మూడు పేజీలూ నెమ్మదిగా చదివారు. పాత మస్కట్ మనుషుల్లాగే ఆవిడకి హిందీ బాగా వచ్చు.

"నేను ఆ మనిషి మీద ఫిర్యాదు రాశాను. నా చేతితో. నువ్వే రాయించావు నా చేత" అన్నారు.

"అవును."

"రెండేళ్లు ఏం చేస్తున్నావు?"

నేను చేతిసంచీ పట్టీ సర్దుకున్నాను.

"ఇది అతనికి చదివి వినిపించావా?"

"లేదు."

"మరి ముందు నా దగ్గరికెందుకు తెచ్చావు? పగిలింది బొమ్మ ఒక్కటే అనుకున్నావా?" అని కాగితాలు నా చేతికి తిరిగి ఇచ్చేశారు. టీ ఇవ్వలేదు. ఆ ఇంట్లో టీ ఇవ్వకుండా ఎవరినీ పంపరు.

పేరు

మర్నాడు మధ్యాహ్నం ఫోన్ చేశాను. అతని ఊరి నంబరు నా ఫోన్‌లోనే ఉంది. ఒకప్పుడు తండ్రి చేసిన బొమ్మల ఫోటోలు ఆ నంబరు నుంచే పంపేవాడు. అవతల ఏదో మోటారు గోల.

"హలో, ఎవలు?"

చెప్పాను.

"ఆగుండ్రి. మిషిని బంద్ చేస్త." గోల ఆగింది. "చెప్పుండ్రి మేడం."

బిడ్డా అనలేదు. చుట్టూ ఎవరున్నారో నాకు తెలియదు. లేకపోయినా అనేవాడు కాదు.

"ఏం చేస్తున్నావు రాజన్నా?"

"బీరువాలకు రంగు కొడుతున్న. ఏంది సంగతి?"

రిపోర్ట్ రాశానని చెప్పాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెబుతూ మూడు పేజీలూ వినిపించాను. అతను ఊఁ కూడా కొట్టలేదు.

"ఇగ అది నాకేం అక్కరకస్తది మేడం?"

"తెలీదు."

"పగులు పెద్దగైందా?"

"అయింది. ముత్యాల కిందికి దిగింది."

"మల్ల బిగిస్తుండ్రా?"

"లేదు. వంగినట్టే ఉంచాలని రాశాను. నువ్వు చెప్పిందే."

"ఊఁ." ఆ ఊఁలో కొంచెం ఊపిరి ఉంది. తర్వాత అడిగాడు, "గా కాయిదంల నా పేరు రాసిండ్రా?"

"రాశాను, నువ్వు వద్దన్నావని, నువ్వే మొదట..."

"గది కాదు. పేరు. పేరేమని రాసిండ్రు?"

పేజీలు తిప్పాను. 'ప్యాకింగ్ హెల్పర్ హెచ్చరించాడు.' 'ప్యాకింగ్ హెల్పర్ చెయ్యి అడ్డం పెట్టాడు.' 'హెల్పర్‌పై మోపిన నేరం అబద్ధం.' మూడు పేజీల్లో ఐదుసార్లు హెల్పర్ అని ఉంది. నిజం రాయడానికి ఉద్యోగం వదులుకున్న రిపోర్ట్‌లో కూడా నేను అతని పేరు రాయలేదు. రాయాలని తోచనే లేదు. తెలుగులో చెప్పేటప్పుడు 'నువ్వు, నువ్వు' అంటూ వచ్చాను కాబట్టి, చదువుతూ కూడా నాకు కనపడలేదు.

"రాయలేదు" అన్నాను.

అతను నవ్వాడు. నాకు ఇష్టమైన నవ్వు కాదు.

"ఆ బొమ్మామె పేరు దొరికిందా మరి? మస్తు ఎతికిండ్రు గద, ఇద్దరు."

"లేదు."

"దొరుకుతె దొరుకుతది. ముందుగాల నాది రాయుండ్రి. రాజన్న అని రాయకుండ్రి, అది మీరు పిలుచుకున్నది. రాజలింగం. నకాషీ రాజలింగం. హెల్పర్ కాదు."

ఆరేళ్లు ఒకే గదిలో పనిచేశాం. అతని పేరు రాజలింగమని నాకు ఆ రోజు తెలిసింది.

"రాసినంక ఫోటో తీసి పంపుండ్రి. సూస్త" అన్నాడు. మోటారు మళ్లీ మొదలైంది.

రిపోర్ట్ మొత్తం మళ్లీ రాశాను. సలామా గారింటికి మళ్లీ వెళ్లాను. అప్పటికి ఆవిడ చిత్రాన్ని వర్క్‌షాప్ నుంచి తెప్పించేసుకున్నారు. ఈసారి నిలబడే చదివారు, కాగితాలు కవరులో పెట్టి చిత్రం వెనక నా ఎదురుగానే అంటించారు. నేను టీ కోసం ఆగలేదు.

పుస్తకాల షాపుకి వచ్చిన ఇద్దరమ్మాయిలకీ చెబుతున్నాను. ఈ పని ఎలా ఉంటుందని అడిగారు. ఎవరో తెలియని ఒక రాజకుమారి పేరు కోసం రెండు నోటుపుస్తకాలు నింపి, బల్లకి అవతల నిలబడిన మనిషి పేరు అడగకుండా ఆరేళ్లు గడిపేలా చేస్తుంది. అలా ఉంటుంది. వెళ్లాలనుకుంటే వెళ్లండి. బోలు శబ్దం వినిపిస్తే ఆ రోజే, ఆ గదిలోనే, మీ గొంతు ఎంత చిన్నదైనా సరే, చెప్పండి.

ఆ రిపోర్ట్ మొదటి పంక్తి ఇప్పుడు ఇలా ఉంది: 'ఈ చెక్క ఎడమ చెంప కింద లోపల విచ్చుకుని ఉందని, దీన్ని తిన్నగా చేయవద్దని, పగలకముందే చెప్పినవారు నకాషీ పనివారు రాజలింగం.'